వెల్ల వేసిన చేపల తొట్లు

చేపల తొట్టి ముందు కూర్చుంటే మనసు కుదుటపడుతుందని ఇప్పుడు చాలామంది అంటున్నారు. మా పక్కింటి కుర్రాడు మొన్న ఓ గాజు తొట్టి కొనుక్కొచ్చి, నాకూ అదే మాట చెప్పాడు. నవ్వొచ్చింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో చేపల తొట్టి ముందు నేను నింపాదిగా కూర్చున్న పూట ఒక్కటీ గుర్తు లేదు. నీళ్ళు తగ్గాయా, ఎండ పడుతోందా, చేప కడుపుతో ఉందా, పెట్టిన పిల్లల్ని మింగేసిందా అని తిరుగుతూనే ఉండేవాణ్ని. నా తీరే అంత. నిలబడి టీ తాగేవాణ్ని, నడుస్తూ ఆలోచించేవాణ్ని. అలాంటివాడికి చేపల పెంపకం అప్పగించినవారికి దండం పెట్టాలి.

పంతొమ్మిది వందల ఎనభైలు మొదలైన రోజులవి. ఉక్కు ఫ్యాక్టరీ పనులు జోరందుకున్నాయి. ఎక్కడెక్కడినుంచో కూలీలు వచ్చి విశాఖపట్నం చుట్టూ షెడ్లు వేసుకున్నారు. కట్టడాల దగ్గర నీళ్ళ తొట్లు, తొట్ల నిండా దోమలు, షెడ్ల నిండా చలిజ్వరాలు. నేను దోమల నిర్మూలన ఆఫీసులో పనిచేసేవాణ్ని. నా ఉద్యోగం పేరు ఇన్‌సెక్ట్ కలెక్టర్. మా ఊళ్ళో మా అమ్మ అందులో మొదటి మాట మింగేసి రెండోదే చెప్పుకునేది. నిజానికి నా పని ఇంటింటికీ తిరిగి నూతుల్లో, కుండీల్లో గరిట ముంచి దోమ పిల్లలున్నాయా అని చూడడం. ఎవరింటి తలుపు కొట్టినా లోపలినుంచి "దోమలోడొచ్చినాడే" అన్న కేక వినిపించేది.

ఆఫీసు విశాఖ పాత ఊరి వైపు ఉండేది. దాని వెనక సిమెంటు తొట్లు కట్టించి గప్పీ చేపల్ని పెంచేవాళ్ళం. గప్పీ మన వేలి కణుపంత ఉంటుంది. మగదానికి రంగురంగుల తోక, ఆడది బూడిద రంగులో బొద్దుగా ఉంటుంది. మురికి నీళ్ళయినా బతుకుతుంది. దోమ పిల్లలంటే ప్రాణం. గుడ్లు పెట్టదు, ఏకంగా పిల్లల్నే కంటుంది. కన్న వెంటనే ఆకలేస్తే ఆ పిల్లల్నే తినేస్తుంది కూడా. అందుకని తొట్లో నాచు దట్టంగా వేయాలి. పిల్లలు అందులో దాక్కుంటాయి. పెరిగిన చేపల్ని పట్టుకెళ్ళి నూతుల్లో వదిలేవాళ్ళం.

ఆ తొట్లు కట్టిన కొత్తలో సిమెంటులోని సున్నం నీళ్ళలోకి దిగి చేపల్ని చంపకుండా, అరటి బోదెలు ముక్కలు కోసి వారాల తరబడి నానేశాం. నీళ్ళు మార్చాం, మళ్ళీ నానేశాం. ఆ బోదెల కుళ్ళు వాసనకి చుట్టుపక్కలవాళ్ళు మమ్మల్ని తిట్టని తిట్టు లేదు. ఆ తర్వాతే చేపలు నిలిచాయి.

నాతోపాటు తొట్లు చూసే మనిషి ఒకావిడ ఉండేది. సముద్రం ఒడ్డు పేటలోని బెస్తవారింటి ఆడకూతురు. నాకంటే బాగా పెద్దది, అప్పా అని పిలిచేవాణ్ని. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ తొట్లు తోమేది. నోరు పెద్దది. చీపురు పట్టమంటే బద్ధకం. చేపలకి మేత మాత్రం ఎక్కువ వేసేసేది. వద్దని నేను మొత్తుకుంటే, "ఆకలితో ఉన్న సేప నీకు కనబడదేటి, నాకు కనబడతంది" అని ఇంకో చిటికెడు వేసేది. మర్నాడు నీళ్ళు పాడైతే తనే తోడిపోసేది. రోజుకూలీ మీద ఏళ్ళ తరబడి ఉంది. మొగుడు పడవ ఎక్కడం మానేశాడు, ఇల్లు ఆవిడ కూలీ మీదే నడిచేది. పర్మినెంటు అయితే చాలని ఆవిడ కోరిక. ఆ మాటని రెండు చేతులా పట్టుకున్నట్టు పలికేది.

నూతుల్లో వేయగా మిగిలిన చేపల్ని అడిగినవాళ్ళకల్లా ఇచ్చేవాళ్ళం. కొన్నాళ్ళకి బ్లాక్ మోలీలనే నల్ల చేపలు కూడా దొరికితే అవీ పెంచాం. హార్లిక్స్ సీసా పట్టుకుని పిల్లలొచ్చేవారు, వాళ్ళ వెనకాలే అమ్మలొచ్చేవారు. కుళాయి నీళ్ళు ఒక పూట వెడల్పాటి గిన్నెలో ఉంచి, బ్లీచింగు వాసన పోయాకే పోయమని చెప్పేవాణ్ని. మేత చిటికెలో సగం చాలనేవాణ్ని. నీళ్ళు ఒక్కసారిగా మార్చొద్దని, సగమే మార్చమని వంద రకాలుగా చెప్పేవాణ్ని. వినేవాళ్ళు తక్కువ. ఒకావిడ చేపకి జలుబు చేస్తుందని గోరువెచ్చటి నీళ్ళు పోసింది. ఒకాయన ఇడ్లీ ముక్క వేసి, తినలేదని నా మీదే కోపగించుకున్నాడు. అయినా గప్పీలు గట్టివి, చాలా ఇళ్ళల్లో నిలిచాయి. పెరటి కుండీల్లో, నూతుల్లో పిల్లలు పెట్టి పెరిగాయి. వీధిలోకి వెళితే "దోమలోడు" అనడం తగ్గి "సేపలోళ్ళు" అనడం మొదలైంది.

అప్పుడు హైదరాబాదునుంచి పెద్దాఫీసరు వస్తున్నారని కబురొచ్చింది. మా చేపల తొట్లు చూసి, నచ్చితే ఆ యూనిట్‌ని శాశ్వతం చేసి, ఒక పర్మినెంటు పోస్టు ఇస్తారట. నచ్చకపోతే తొట్లు మూసేయడమే. ఆ పోస్టు అప్పదేనని మా ఆఫీసంతా అనుకున్నారు. వచ్చేది శనివారం పొద్దున.

గురువారం మేమిద్దరం పెందుర్తి వైపు నూతుల్లో చేపలు వదలడానికి వెళ్ళాం. దారి పొడుగునా అప్ప మాట ఒకటే. "పర్మినెంటయితే జొరమొచ్చినా జీతమిత్తారట, నిజమేనేటి బాబూ?" నిజమేనన్నాను. "మరయితే ఒకపాలి జొరం తెచ్చుకుంతాను" అంది.

సాయంత్రం తిరిగొచ్చి చూస్తే ఆఫీసు వెనకంతా తెల్లగా మెరిసిపోతోంది. ప్రహరీ గోడకి వెల్ల వేశారు. చెట్ల మొదళ్ళకి వేశారు. మెట్లకి వేశారు. మా తొట్లకి బయటా వేశారు, లోపలా వేశారు. లోపల వేయడానికి సగం నీళ్ళు తోడి పారబోశారు. కుంచెలనుంచి కారిన సున్నం మిగిలిన నీళ్ళలో పడింది. ఆ పైన తొట్లు నిండుగా కనబడాలని గొట్టం పెట్టి కుళాయి నీళ్ళు అంచుదాకా నింపారు. నీళ్ళు పాలలా ఉన్నాయి. వాటి మీద మా చేపలన్నీ పొట్టలు పైకి తేలి ఉన్నాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఇన్‌చార్జి దగ్గరికి పరుగెత్తాను. ఆయన చెడ్డవాడు కాదు. పైవాళ్ళ పేరు చెబితే గొడుగు ఎక్కడ పెట్టాడో మర్చిపోయే రకం.

"తొట్ల లోపల సున్నం వేయించింది ఎవరండీ?" అని అరిచాను.

"అరవకయ్యా. నేను గోడలకి వేయమన్నాను. ఆఫీసరు చూసేది తొట్లే కదా అని మేస్త్రి లోపలా వేయించాడు. మంచి ఉద్దేశంతోనే చేశాడు" అన్నాడు.

"చేపలు చచ్చిపోయాయి."

ఆయన కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చుండిపోయాడు. "అన్నీనా?" అని అడిగాడు. కాసేపటికి "ఎల్లుండే కదయ్యా" అన్నాడు, అది నాకు తెలియదన్నట్టు.

నేను వెనక్కి వచ్చేసరికి అప్ప తొట్టి గట్టు మీద కూర్చుని ఉంది. చుట్ట ఆరిపోయింది, వెలిగించుకోలేదు. ఒక చేపని అరచేతిలోకి తీసి చూసి నీళ్ళలోనే వదిలేసింది. "పోనాయి" అంది.  నేను తొట్ల చుట్టూ తిరుగుతూ మేస్త్రినీ, సున్నాన్నీ, హైదరాబాదునీ కలిపి తిడుతున్నాను. తిట్టి తిట్టి నా నోరు నొప్పెట్టాక ఆవిడ లేచింది. "ఊల్లో ఉన్నాయి కదేటి. మనమిచ్చినియ్యే. రేపెల్లి అడుగుదాం" అంది.

శుక్రవారం పొద్దున్నే రిక్షా మాట్లాడుకుని, మూతలున్న బిందెలు పెట్టుకుని బయల్దేరాం. మొదటి ఇల్లు రైల్వే క్వార్టర్సులో. గోరువెచ్చటి నీళ్ళావిడ ఇల్లే. ఆవిడ పెరటి కుండీలో గప్పీలు గుంపులు గుంపులుగా తిరుగుతున్నాయి. చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. అడిగాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది.

"శుక్కురారం పూట ఇంట్లో తిరిగే పానాన్ని బయటికియ్యమంతావేటి బాబూ? రేపు రా, ఇత్తాను."

రేపు పొద్దున్నకే కావాలని చెప్పాను. జ్వరాల గురించి చెప్పాను. ఆఫీసరు గురించి చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపుతూనే ఉంది. రెండో ఇంట్లోనూ అదే మాట. మూడో ఇంట్లో ముసలమ్మ అయితే మమ్మల్ని గుమ్మం కూడా తొక్కనివ్వలేదు. మనం ఏ వారం ఏది ఇస్తామో, ఏది ఇవ్వమో నాకు తెలియనిది కాదు. మా అమ్మ శుక్రవారం పక్కింటికి నిప్పు కూడా ఇచ్చేది కాదు. కానీ చేప విషయంలో ఆ పట్టింపు వస్తుందని నాకు తట్టలేదు. రిక్షా దగ్గర నిలబడి, వేళ మించిపోతోందని ఊరికే బిందె మీద దరువేస్తున్నాను.

అప్ప నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఒట్టి సేతుల్తో ఎల్తే శుక్కురారం పూట ఎవులిత్తారు? పూర్ణా మార్కెట్టుకి పోనియ్" అని రిక్షావాడికి చెప్పింది.

పూర్ణా మార్కెట్లో పచారీ కొట్టు దగ్గర దిగి పసుపు కొమ్ములు కొని కొంగున కట్టుకుంది. మళ్ళీ రైల్వే క్వార్టర్సుకే వచ్చాం. ఈసారి నన్ను వెనక ఉండమంది. గుమ్మంలో నిలబడి, "అమ్మా, పసుపు తెచ్చినాను, పుచ్చుకో" అని రెండు కొమ్ములు చేతిలో పెట్టింది. శుక్రవారం ఇంటికి పసుపు వస్తే వద్దనే ఇల్లాలు ఎవరు? ఆవిడ కళ్ళకద్దుకుని లోపల పెట్టి వచ్చి, తనే చెంబు తీసుకుని కుండీ దగ్గరికి నడిచింది.

"ఇయ్యి ఇచ్చేసినట్టు కాదు. మల్లీ మా ఇంటికే రావాల. ఇదిగో, ఈ నల్ల మచ్చది సూలుతో ఉంది. దీన్ని మాత్రం ఇడిసిపెట్టను" అంది.

"రేపు సాయంత్రానికి నీ కుండీలో ఉంటాది. నాను తెత్తాను" అంది అప్ప.

అలా సాయంత్రందాకా ఇల్లిల్లూ తిరిగాం. పసుపు ఇవ్వడం, మాట ఇవ్వడం, చేపల్ని తీసుకోవడం. ఎవరి చేప ఏదో అప్ప తోక చూసి గుర్తు పెట్టుకుంటోంది. నేను ఎగతాళి చేస్తే వినిపించుకోలేదు. దారిలో ఒక సాయిబుగారి టైలరు కొట్టు. ఆయన నమాజుకి వెళ్ళాడు. వచ్చేదాకా ఆగుదామంది అప్ప, నేను ఆగలేక వీధి చివరిదాకా వెళ్ళి వస్తూ ఉన్నాను. ఆయన వచ్చి నవ్వి, సీసాతో సహా ఇచ్చేశాడు. ఆయనకీ పసుపు కొమ్ము ఇచ్చింది. ఆయనా పుచ్చుకున్నాడు.

మా సిమెంటు తొట్లు ఇక పనికిరావు. అప్ప వాళ్ళ పేటనుంచి నీళ్ళు పట్టే పెద్ద మట్టి గోలేలు తెప్పించింది. తెల్లటి తొట్ల ముందు వరసగా పెట్టి, నూతి నీళ్ళు నింపి, నాచు వేసి చేపల్ని వదిలాం. శనివారం పొద్దున మా ఇన్‌చార్జి వచ్చి చూసి, "ఇదేమిటయ్యా, పెళ్ళివాళ్ళ వంట దగ్గరలా ఉంది" అన్నాడు. అయినా నీళ్ళలో కదలిక కనిపించేసరికి గొడుగు నాకు ఇచ్చి రెండు చేతులూ జోడించాడు.

పొద్దున వస్తానన్న ఆఫీసరు మధ్యాహ్నమైనా రాలేదు. జీపు చప్పుడు వినబడితే చాలు గేటు దగ్గరికి పరుగెత్తాను. అన్నీ వేరే జీపులే. ఈలోగా ఇంకో తంటా. గప్పీ కడుపుతో ఉన్నప్పుడు దాన్ని కుదిపితే ముందే కనేస్తుంది. రిక్షాలో కుదుపులు పడ్డాయిగా, నల్ల మచ్చది కనడం మొదలెట్టింది. మిగిలినవి ఆ పిల్లల వెంట పడ్డాయి. నేను టీ వడపోసే జల్లెడ తీసుకుని, పిల్లల్ని పట్టి పట్టి వేరే గిన్నెలో వేస్తున్నాను. వెనక ఎవరో నిలబడ్డారని చాలాసేపటిదాకా నాకు తెలియదు.

"పిల్లల్ని పెడుతోందా?" అని అడిగారు పెద్దాఫీసరు.

ఆయన ప్యాంటు మడత పాడవుతుందని కూడా చూడకుండా గోలెం పక్కన గొంతుక్కూర్చున్నారు. ఒక పిల్ల బయటికొచ్చి, ముడుచుకున్నది విచ్చుకుని ఈదుకుంటూ పోయింది. ఆయన చిన్న పిల్లాడిలా "అదిగో, అదిగో" అన్నారు. ఆయన అంత సంతోషిస్తారని ఎవరూ అనుకోలేదు. తొట్లు ఎందుకు ఖాళీగా ఉన్నాయని అడగలేదు. వీటిని చూసేదెవరని అడిగారు. ఇన్‌చార్జి అప్పని ముందుకు తోశాడు. ఎన్నేళ్ళనుంచి చేస్తున్నావని అడిగి, పోస్టు కాగితం తెమ్మని, జేబులోంచి పెన్ను తీశారు. అప్ప కొంగు తల మీదికి లాక్కుంది. 

సంతకం పెట్టబోతూ ఆయన డ్రైవరుని పిలిచారు. "ఈ గోలేల్లో చేపలన్నీ బిందెల్లోకి తీసి జీపులో పెట్టు. మీ పక్క జిల్లాలో జ్వరాలు ఎక్కువగా ఉన్నాయి. రేపే అక్కడ వదిలిస్తాను. మీరు ఇక్కడ మళ్ళీ పెంచుకోండి, మీకేం కష్టం?"

ఇన్‌చార్జి వెంటనే "అలాగే సార్" అన్నాడు. నేను కూడా తల ఊపాను.

"ఇయ్యి తీసికెల్లకూడదు బాబూ" అంది అప్ప.

 ఆఫీసరు తలెత్తి చూశారు.

"ఇయ్యి మీయి కావు, మాయీ కావు. మాయి సచ్చిపోనాయి. తొట్లకి సున్నవేసేసినారు. ఇయ్యి ఊరోల్లయి. సాయంత్రానికి తెచ్చి ఇచ్చేత్తానని సెప్పి తెచ్చినాను."

 ఆఫీసరు లేచి తొట్టి దగ్గరికి వెళ్ళి లోపలి గోడ మీద వేలు రాశారు. తెల్లగా అంటుకుంది. రుమాలుతో తుడుచుకున్నారు. "ఇంకో నాలుగు రోజులు ఉంచుకుంటే ఊరివాళ్ళేం అంటారమ్మా? అక్కడ జనం జ్వరాలతో పడి ఉన్నారు" అన్నారు. కోపంగా అనలేదు. మామూలుగానే అన్నారు.

"అయితే ఆల్లనే అడిగి తీసికెల్లండి. ఇత్తారు. ఇల్లు నాను సూపిత్తాను. అడక్కండా నానియ్యలేను."

ఆయన గడియారం చూసుకున్నారు. ఇంటింటికీ తిరిగే తీరిక ఆయనకెక్కడిది? పెన్నుకి మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు. తొట్ల సంగతి మీద నివేదిక పంపమని ఇన్‌చార్జితో చెప్పి జీపెక్కారు.

నేను అప్పతో మాట్లాడలేదు. నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. నిన్నంతా కాళ్ళరిగేలా తిరిగింది ఎవరికోసం? ఆవిడకోసం కాదూ? నోరు మూసుకుని నిలబడితే పోస్టు చేతికొచ్చేది. ఊరివాళ్ళకి ఇంకో నెలకి ఇంకో జత ఇచ్చుకునేవాళ్ళం. పైగా ఆ చేపలు వెళ్ళేది మంచి పనికే.

సాయంత్రం రిక్షాలో ఇల్లిల్లూ తిరిగి చేపల్ని అప్పగించాం. నల్ల మచ్చది సన్నబడిపోయింది. దాని పిల్లల్ని గిన్నెతో సహా రైల్వే క్వార్టర్సు ఆవిడ చేతిలో పెడితే, ఇంట్లోవాళ్ళందర్నీ కేకేసి పిలిచింది. మాకు మజ్జిగ ఇచ్చింది. వెనక్కి వస్తూ ఇక పట్టలేక అడిగేశాను.

"పర్మినెంటు పోయింది కదా అప్పా. ఎందుకు చెప్పావు?"

ఆవిడ చుట్ట వెలిగించుకుంది. "ఆ బాబు ఐదరాబాదు ఎల్లిపోతాడు. నాను ఈ ఈదుల్లోనే తిరగాల. రేపు మల్లీ ఈ తలుపే కొట్టాల కదేటి" అంది. కాసేపటికి మొహం పక్కకి తిప్పుకుంది. ఏడుస్తోందని నాకు తెలుసు. 

తొట్లు మూసేయలేదు, శాశ్వతమూ చేయలేదు. సున్నమంతా గీకి, మళ్ళీ అరటి బోదెలు నానేశాం, మళ్ళీ తిట్లు తిన్నాం. తొట్లు పదును పడ్డాక ఊళ్ళోవాళ్ళే ఇంటికింత చొప్పున చేపలు తెచ్చి పోశారు. ఆ పక్క జిల్లాకీ పంపాం. అప్పటికి వానాకాలం గడిచిపోయింది. ఆ ఆలస్యం వల్ల అక్కడ ఎందరు జ్వరపడ్డారో నాకు తెలియదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఎటూ తేల్చుకోలేను. మీరు తేల్చుకోగలిగితే మంచిదే.

అప్ప ఇంకా చాలా ఏళ్ళు రోజుకూలీగానే ఉంది. చివరికి అందరితోపాటు వచ్చిన ఒక జనరల్ ఆర్డరులో పర్మినెంటు అయింది, వేరే వార్డుకి వేశారు. ఆ వారమే నేను ఒంటరిగా గరిట, సంచి పట్టుకుని అవే వీధులకి వెళ్ళాను. ఎన్నో ఏళ్ళుగా నేను నడిచిన వీధులు, నేను చూసిన కుండీలు. ఒక ఇంట్లో తలుపు సగం తెరిచి ఓ ఇల్లాలు నా వెనక్కి తొంగి చూసింది.

"ఆయమ్మ రానేదేటి?"

"లేదమ్మా, నేనే వచ్చాను. కుండీ చూడాలి."

"అయితే ఆయమ్మొచ్చినప్పుడే సూద్దురు గానిలే బాబూ" అని తలుపు వేసేసుకుంది.

నేను పర్మినెంటు అయి అప్పటికి చాలా ఏళ్ళయింది. గరిట పట్టుకుని ఆ వేసిన తలుపు ముందు కాసేపు నిలబడి, పక్కింటికి వెళ్ళాను. అక్కడా అదే అడిగారు.